మూసలో వేసే ముందు సంవత్సరం చూడండి

2025 అక్టోబరులో విదేశీ మార్కెట్లలో వెండి 1980 జనవరి నాటి గరిష్ఠ ధరను దాటిన తరువాత, మన శరాఫు బజార్లలో పాత వెండి మూటలు విప్పేవారు ఎక్కువయ్యారు. కంచాలు, చెంబులు, కడియాలు, కుంకుమ భరిణెలు వస్తున్నాయి. వాటి వెంట రాణి బొమ్మ రూపాయలు, రాజు బొమ్మ రూపాయలు కూడా వస్తున్నాయి. వర్తకులు అన్నిటినీ ఒకే తక్కెడలో వేసి, మాట్టు చూసి, తరుగు తీసి సొమ్ము ఇస్తున్నారు. చెంబు విషయంలో ఇది సక్రమమైన వ్యాపారమే. నాణెం విషయంలో కాదని ఈ విలేఖరి అభిప్రాయం.

ధరవరలు రాసుకోవడానికి వెళ్ళి ఇటీవల ఒక దుకాణంలో కూర్చున్నాను. ఒక పెద్దావిడ గుడ్డమూటలో నలభైకి పైగా రూపాయలు తెచ్చారు. వాటి మధ్య ఒక పెద్ద నాణెం వున్నది. మనవడు పుట్టినప్పుడు అమెరికా నుండి కొడుకు పంపాడట. తక్కెడలో పడబోతుండగా అడిగి తీసుకొని చూశాను. 1884 సంవత్సరపు వెండి డాలరు. వెనుకవైపు గద్ద తోక కింద, ఆకుల దండకు దిగువన, ‘సి.సి.’ అని రెండు చిన్న అక్షరాలు వున్నాయి.

“కాస్త ఆగండి సేఠ్ గారూ, దీన్ని కరిగించేది కాదు,” అన్నాను.

“వెండి వెండే గదా బాబూ, గద్ద బొమ్మకు వేరే రేటా?” అన్నారాయన.

వేరే రేటే. ఎందుకో చెప్పాలంటే ఆ డాలరు ఎలా పుట్టిందో, దాని తోటివి ఎలా పోయాయో చెప్పాలి. ఆ పోవడంలో మన రూపాయి పాత్ర కూడా వున్నది గనుక మన వర్తకులకు ఇది ఆసక్తి కలిగించకపోదు.

అమెరికా 1873లో వెండి డాలరును చట్టం నుండి తొలగించింది. అప్పటికే నెవాడా గనుల నుండి వెండి విపరీతంగా వస్తున్నది. ధర పడిపోతుంటే గనుల యజమానులు, అప్పులలో వున్న రైతులు గగ్గోలు పెట్టారు. దాని ఫలితమే 1878 ఫిబ్రవరి 28 నాటి బ్లాండ్-ఆలిసన్ చట్టం. ప్రభుత్వం ప్రతి నెలా 20 లక్షల నుండి 40 లక్షల డాలర్ల విలువైన వెండిని మార్కెట్ ధరకు కొని, డాలర్లు కొట్టి తీరాలి. మనం గిట్టుబాటు ధరకు ప్రభుత్వ కొనుగోళ్లు అంటామే, ఇదీ అటువంటిదే. అధ్యక్షుడు హేస్ ఈ చట్టాన్ని తిరస్కరించినా కాంగ్రెస్ ఆయన మాటను తోసిపుచ్చింది. విచిత్రమేమంటే, ఆ తరువాత కొట్టిన మొదటి డాలరును ఆయనకే బహూకరించారు.

నాణెం నమూనా గీసినవాడు ఇంగ్లండు నుండి వచ్చిన జార్జ్ మోర్గాన్. అందుకే సేకరణదారులు దీనిని మోర్గాన్ డాలరు అంటారు. బరువు 26.73 గ్రాములు, నూటికి 90 పాళ్ళు వెండి, 10 పాళ్ళు రాగి. అసలు వెండి 24 గ్రాముల పైచిలుకు. ఫిలడెల్ఫియా, న్యూ ఆర్లియన్స్, శాన్ ఫ్రాన్సిస్కో, కార్సన్ సిటీ టంకశాలల్లో దీనిని కొట్టారు. 1921లో మాత్రం డెన్వర్ కూడా చేరింది. ఫిలడెల్ఫియా నాణేనికి గుర్తు వుండదు. మిగిలినవాటికి గద్ద తోక కింద ఊరి అక్షరం వుంటుంది. సి.సి. అంటే కార్సన్ సిటీ. నెవాడా గనుల పక్కనే పెట్టిన ఈ టంకశాల 1870 నుండి 1893 వరకు నాణేలు కొట్టింది.

తయారీ పద్ధతి తెలిస్తేనే నాణెం చదవడం వస్తుంది. వెండిలో రాగి కలిపి కడ్డీలు పోసి, మరల మధ్య సాగదీసి పట్టీలు చేసేవారు. పట్టీల నుండి గుండ్రని బిళ్ళలు కోసి, కొలిమిలో కాల్చి మెత్తబరచి, ఆమ్లంలో కడిగి, అంచు పైకి లేచేలా మరొక యంత్రంలో దొర్లించేవారు. చివరకు ఆ బిళ్ళను రెండు ఉక్కు అచ్చుల మధ్య ఒకే దెబ్బ కొడతారు. చుట్టూ వుండే ఉక్కు కట్టు అంచు మీద గీట్లు వేస్తుంది. అచ్చు అరిగితే గద్ద రొమ్ము మీది ఈకలు చదునుగా పడతాయి. అచ్చు పగులు పట్టితే ఆ పగులు సన్నని ఉబ్బెత్తు గీతగా ప్రతి నాణెం మీదా కనబడుతుంది.

1878లో మొదటి అచ్చుల మీద గద్ద తోకకు 8 ఈకలు పెట్టారు. తరువాత దానిని 7కు మార్చారు. పాత అచ్చులు పారవేయడం ఎందుకని కొన్నిటి మీదనే 7 ఈకల ముద్ర మళ్ళీ దించారు. ఆ నాణేలలో ఏడు ఈకల కింద నుండి పాత ఈకల కొసలు తొంగి చూస్తాయి. లెరాయ్ వాన్ ఆలెన్, జార్జ్ మాలిస్ అనే ఇద్దరు అమెరికన్లు ఇటువంటి తేడాలను భూతద్దంతో చూసి, ఏ ముఖం అచ్చు ఏ వెనుక అచ్చుతో జతపడిందో నమోదు చేసి, ఒక్కొక్క జతకు ఒక నంబరు ఇచ్చారు. నేడు ఆ నంబరును బట్టి బేరాలు జరుగుతున్నాయి. జమాఖర్చు పుస్తకాలు తిరగేసే అలవాటున్న నాకు ఇది పరాయి పని అనిపించలేదు.

ఇన్ని కోట్ల డాలర్లు కొట్టినా ప్రజలు మోయలేకపోయారు. ఆ వెండికి బదులు కాగితపు రసీదులు చలామణి అయ్యాయి. నాణేలు వెయ్యేసి చొప్పున సంచుల్లో, సంచికి దాదాపు 27 కిలోల బరువుతో, ఖజానాలో పడి వున్నాయి. అప్పుడు వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం.

యుద్ధానికి సరకు కొన్న కొద్దీ భారతదేశంలో రూపాయలకు గిరాకీ పెరిగింది. వెండి రూపాయలు ఇళ్ళలోకి వెళ్ళి తిరిగి రాలేదు. 1917 నవంబరు 30న ప్రభుత్వం ఒక రూపాయి నోటు దింపింది, 1918లో రెండున్నర రూపాయల నోటు కూడా దింపింది. జనం ఆ నోట్లు పట్టుకొని వెండి ఇమ్మని కౌంటర్ల వద్ద నిలబడ్డారు. నోటుకు వెండి ఇవ్వలేకపోతే బ్రిటిష్ ప్రభుత్వపు మాట పోతుంది. లండన్ వెళ్ళి వాషింగ్టన్‌ను అడిగింది. నెవాడా సెనేటర్ కీ పిట్‌మన్ పేరున 1918 ఏప్రిల్ 23న చట్టం వచ్చింది. దాని కింద అమెరికా మొత్తం 27 కోట్ల 2 లక్షల వెండి డాలర్లు కరిగించింది. అందులో 25 కోట్ల 91 లక్షల డాలర్ల వెండి బ్రిటన్‌కు, అంటే మన టంకశాలల కోసం, అమ్ముడయింది.

ఒక లెక్క చూడండి. డాలరులో అసలు వెండి 371.25 గ్రెయిన్లు. మన తులం రూపాయి 180 గ్రెయిన్లు, అందులో అసలు వెండి 165 గ్రెయిన్లు. అంటే ఒక డాలరు వెండితో సరిగ్గా రెండుంపావు రూపాయలు వస్తాయి. ఆ లెక్కన మనకు వచ్చిన వెండి 58 కోట్ల రూపాయలకు సరిపోతుంది. నేడు మన తక్కెడలలో పడుతున్న 1918, 1919 నాటి అయిదో జార్జి రూపాయలలో ఎన్నిటిలో కార్సన్ సిటీ, న్యూ ఆర్లియన్స్ వెండి వున్నదో ఎవరూ చెప్పలేరు. వున్నదనేది మాత్రం నిజం.

కరిగించిన డాలర్లలో ఏ సంవత్సరానివి ఎన్ని, ఏ టంకశాలవి ఎన్ని అన్న లెక్క ఎవరూ రాయలేదు. సేకరణ మార్కెట్ మొత్తం ఈ ఖాళీ మీదే నడుస్తున్నది. పంట దిగుబడి లెక్క వేరు, గోదాములో నిలవ లెక్క వేరు అని మన మిర్చి వర్తకులకు చెప్పవలసిన పని లేదు. నాణేలకూ అంతే. ఎన్ని కొట్టారో టంకశాల నివేదికలో వుంటుంది, ఎన్ని మిగిలాయో వుండదు. 1895లో ఫిలడెల్ఫియాలో చలామణికి 12,000 డాలర్లు కొట్టినట్లు పుస్తకాల్లో వున్నది. ఇంతవరకు వాటిలో ఒక్కటి కూడా బయటపడలేదు. ఆ ఏటివని దొరికేవన్నీ ప్రదర్శన కోసం విడిగా కొట్టిన 880 నాణేలలోనివే.

కోల్డ్ స్టోరేజీ తలుపులు తెరిస్తే ఏమవుతుందో కూడా అక్కడివారు చూశారు. 1903లో న్యూ ఆర్లియన్స్ కొట్టిన డాలర్లు 44 లక్షల 50 వేలు. దాదాపు అన్నీ 1918లో కరిగిపోయాయని నమ్మారు. వాడని నాణేనికి వెయ్యి డాలర్లకు పైగా ధర కట్టారు. 1962 చివరలో ఖజానా వారు క్రిస్మస్ గిరాకీకి పాత సంచులు విప్పారు. ఆ సంచుల్లో అవే కొత్తవిగా మెరుస్తూ వచ్చాయి. ధర కొద్ది వారాల్లోనే కూలిపోయింది. అంతకుముందు హెచ్చు ధరకు కొని దాచుకున్నవారి గతి మన సట్టాదారులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ సంచుల వార్త విని జనం ఖజానా మీద పడ్డారు. 1964 మార్చిలో పంపిణీ ఆపేనాటికి దాదాపు 30 లక్షల నాణేలు మిగిలాయి, ఎక్కువ భాగం కార్సన్ సిటీవే. వాటిని 1972 నుండి 1980 వరకు విడతలుగా ప్రభుత్వమే అమ్మింది. పెద్దావిడ తెచ్చిన 1884 రకం మొత్తం 11 లక్షల 36 వేలు కొడితే, అందులో 9 లక్షల 62 వేలు ఈ అమ్మకాల్లోనే వచ్చాయి. కనుక అది అరుదైనది కాదు. అయినా కార్సన్ సిటీ పేరుకు గిరాకీ వున్నందున వెండి ధరకు కొన్ని రెట్లు పలుకుతుంది. అదే టంకశాల 1889 డాలరు ఆ నిలవలో దొరికింది ఒక్కటే. అటువంటిది తక్కెడలో పడితే నష్టం చెప్పనలవి కాదు.

రెండో వైపు కూడా చెప్పాలి. పాత డాలరు అనగానే నిధి కాదు. 1921లో ఒక్క ఫిలడెల్ఫియాయే 4 కోట్ల 46 లక్షలు కొట్టింది. పిట్‌మన్ చట్టం కింద, కరిగించిన వెండికి బదులు స్వదేశీ గనుల నుండి ఔన్సు డాలరు చొప్పున తిరిగి కొనవలసి వచ్చినందువల్లనే ఈ వరద. ఆ సంవత్సరపు అరిగిన నాణేలను ‘శతాబ్దపు అపురూప వస్తువు’ అని అమ్మేవారిని నమ్మవద్దు. నకిలీలూ విరివిగా వున్నాయి. 26.73 గ్రాముల తూకం, 38.1 మిల్లీమీటర్ల వెడల్పు లేకపోయినా, అయస్కాంతానికి అంటుకున్నా వెంటనే పక్కన పెట్టండి. తూకం సరిపోయినంత మాత్రాన అసలుదని కూడా కాదు, ఊరి అక్షరాన్ని అతికించినవి వున్నాయి. నా మట్టుకు నేను పొదుపు సొమ్ముతో డాలర్లు కొనమని ఎవరికీ సలహా ఇవ్వను.

నేను అడిగేది మన రూపాయల గురించే. 1911 నాటి అయిదో జార్జి రూపాయి చూడండి. రాజుగారి దుస్తుల మీది ఏనుగు బొమ్మ పందిలా వున్నదని అలజడి రేగి, ప్రభుత్వం వాటిని వెనక్కు తీసుకొని కరిగించింది. బయట మిగిలినవి కొద్ది. 1939 నాటి ఆరో జార్జి రూపాయి అంతకంటె అరుదు. 1940 నుండి వెండి సగానికి తగ్గిందని మన వర్తకులందరికీ తెలుసు. ఆ సంవత్సరాన్ని మాత్రం తప్పకుండా చూస్తారు, ఎందుకంటే అది తమకు నష్టం. మిగిలిన సంవత్సరాలు చూడరు, ఎందుకంటే ఆ నష్టం అమ్మేవారిది. ఇది నాకు మింగుడు పడని విషయం.

గల్లాపెట్టె పక్కన ఒక భూతద్దం, గోడ మీద పది పన్నెండు సంవత్సరాల పట్టీ చాలు. తేడా వున్న నాణెం కనబడితే అమ్మేవారికి రెండు ధరలూ చెప్పి, సేకరణదారుకు ఇప్పించి, న్యాయమైన కమీషన్ తీసుకోవచ్చు. ఇది దానధర్మం కాదు, కరిగించి అమ్మిన దానికంటె దుకాణానికే ఎక్కువ మిగులుతుంది. విభూతి, చింతపండు వేసి తోమవద్దని కూడా చెప్పాలి. తోమిన నాణేనికి, హారం కోసం కొక్కెం అతికిన నాణేనికి సేకరణదారు దాదాపు వెండి ధరే ఇస్తాడు. ఇంకొక మాట. 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దానిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. 1918 రూపాయలు కూడా ఇప్పుడు ఆ వరుసలో చేరాయి. బేరం స్వదేశంలోనే చూసుకోవాలి.

ఆ పెద్దావిడ డాలరును తిరిగి కొంగున కట్టుకొని వెళ్ళారు. రూపాయలకు మాత్రం అప్పటికే తూకం అయిపోయి, సొమ్ము చేతికి వచ్చేసింది. సాయంత్రం మళ్ళీ అటు వెళితే అవి కడ్డీగా చల్లారుతున్నాయి. డాలరు హడావుడిలో వాటి సంవత్సరాలు నేనూ చూడలేదు.