పేట నుంచి – 14: మా పిన్ని ప్రవాసి కాదట

2020 డిసెంబర్ 27, ఆదివారం సాయంత్రం ఒక వెబినార్‌లో కూర్చున్నాను. అంశం: కోవిడ్ కాలంలో ప్రవాసాంధ్రుల పండుగలు. ఎవరు నిర్వహించారన్నది ఇక్కడ అనవసరం. ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ అమెరికాలో ఉంటున్నవాళ్ళే. ఈసారి క్రిస్మస్ లైట్లు చూడ్డానికి పిల్లల్ని బయటికి తీసుకెళ్ళలేకపోయామని ఒకరన్నారు. సంక్రాంతి బొమ్మల కొలువు జూమ్‌లో పెట్టాల్సొస్తోందని ఇంకొకరు బాధపడ్డారు. తండ్రి పోతే రాలేక ఫోన్‌లోనే కడసారి చూసుకున్నానని చెబుతూ ఒకాయన ఏడ్చేశాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ బాధ అబద్ధమని నేననను. తండ్రి చివరి చూపు దక్కనివాడు ఏ దేశంలో ఉన్నా కొడుకే.

ప్రశ్నల సమయం వచ్చినప్పుడు నేనొక్కటే అడిగాను. "గల్ఫ్ నుంచి ఎవరినీ పిలవలేదేం సార్?" సమన్వయకర్త నవ్వుతూ, చాలా మర్యాదగా జవాబిచ్చారు. "వాళ్ళు వలస కార్మికులు కదండీ. ప్రవాసులంటే వేరు."

ఆ మాట పది రోజులుగా గొంతులో చేపముల్లులా ఉంది. అందుకే ఈ భాగం.

మా పిన్ని కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. భీమడోలు అవతల, కొల్లేటి ఒడ్డున మా పేట. క్రిస్మస్ రోజు రాత్రి పదకొండున్నరకి ఆవిడ దగ్గర్నుంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. నిమిషంన్నర. గుసగుసగా మాట్లాడింది, వెనక వాషింగ్ మెషీన్ తిరుగుతున్న చప్పుడు.

"ఏరా అబ్బాయ్, వందనాలు. పేటలో స్టార్ కట్టారా? పాటలకి ఎవరెవరొచ్చారు? నాకేం, బానే ఉన్నాను. ఇయ్యాల వీళ్ళింటికి ముప్ఫై మందొచ్చారు. నన్ను మాస్కేసుకుని వండమన్నారు, వాళ్ళెవరూ ఏసుకోలేదు. గిన్నెలింకా ఉన్నాయి. ఉంటాను."

2020లో క్రిస్మస్ శుక్రవారం వచ్చింది. కువైట్‌లో తెలుగు క్రైస్తవుల ఆరాధన శుక్రవారమే, సెలవు ఆ రోజే కాబట్టి. పండగా, సెలవూ, ఆరాధనా ఒక్కరోజే కలిసి రావడం పిన్నికి ఎంత సంబరమో! కానీ మార్చి నుంచి ఆవిడ ఆ ఇంటి గేటు దాటలేదు. రోగం తెస్తావని యజమానురాలు పంపదు. ఆ ఇంట్లోవాళ్ళు మాత్రం బజారుకి వెళ్తారు, వస్తారు. చుట్టాలు వెళ్తారు, వస్తారు. రోగం పనిమనిషి కాళ్ళకే అంటుకుని వస్తుందట!

ఈ లెక్క మనకి కొత్తదా మిత్రులారా? 'సామాజిక దూరం' అనే మాట 2020లో పుట్టిందనుకునేవాళ్ళు ఒక్కసారి మా పేటకి రండి. ఊరికీ పేటకీ మధ్య ఉన్న కాలువ చూపిస్తాను.

పిన్ని అసలు వచ్చేద్దామనుకుంది. డిసెంబర్ 5 రాత్రి నుంచి ఏలూరు వన్‌టౌన్‌లో జనం మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది గదా. రోజుల్లోనే ఆరువందల మంది దాటారు. వాళ్ళలో మా పిన్ని కూతురొకతి. పందొమ్మిదేళ్ళ పిల్ల. బిందె పట్టుకుని నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయింది. ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. టీవీలు మాత్రం 'వింత రోగం' అన్నాయి. పేదల ఒంట్లోకి విషం ఎక్కడం వింతేమిటో నాకర్థం కాదు. కూతురు ఏలూరు ఆసుపత్రి మంచం మీదుంటే, తల్లి అక్కడ వేరేవాళ్ళ పిల్లలకి అన్నం తినిపిస్తూ యూట్యూబ్‌లో వార్తలు చూసింది. పిల్ల మూడోరోజుకి లేచి కూర్చుంది. అయినా తల్లి మనసు ఆగుతుందా? కాళ్ళావేళ్ళా పడితే బీరువాలో ఉన్న పాస్‌పోర్ట్ బయటికొచ్చింది. డిసెంబర్ 23కి టికెట్ కొనుక్కుంది. 21 రాత్రి నుంచి కువైట్ విమానాలన్నీ ఆపేసింది. జనవరి 2న మళ్ళీ తెరిచింది గానీ, ఈలోపు పాస్‌పోర్ట్ మళ్ళీ బీరువాలోకి పోయింది.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక మాట అంటారని నాకు తెలుసు. "ఆ దేశాలంతే, ఆ మతమంతే." ఆగండి. ఆ ఆవేశంలోని విషం ఎటు పారుతుందో ముందు చూసుకోండి. కువైట్‌లో 2015లోనే ఇంటిపనివాళ్ళ కోసం చట్టం చేశారు. 68వ నంబరు చట్టం. వారానికొక రోజు సెలవు ఉండాలి. రోజుకి పన్నెండు గంటలు మించి పని చేయించకూడదు. యజమాని పాస్‌పోర్ట్ దాచుకోకూడదు. అన్నీ అందులో ఉన్నాయి. ఆ ఇంట్లో లేవు, అంతే. ఎందుకు లేవంటే, కఫాలా పద్ధతిలో అకామా యజమాని చేతిలో ఉంటుంది. ఇల్లు వదిలి పారిపోతే యజమాని మీద కేసు ఉండదు, పారిపోయినామె మీద ఉంటుంది. ఇది మతం చేసిన పని కాదు. ఒక మనిషి బతుకుని ఇంకో మనిషి సంతకానికి కట్టేసిన పని.

పోనీ, మన దగ్గరేముంది? ఇంటిపనివాళ్ళ హక్కుల మీద 2011లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికని, 189వది, మన దేశం ఈరోజుకీ ఆమోదించలేదు. 2020 లాక్‌డౌన్‌లో మన అపార్ట్‌మెంట్లు పనిమనుషుల్ని గేటు దగ్గరే ఆపేశాయి. ఎంతమందికి ఆ నెలల జీతమిచ్చారో ఎవరికి వారు గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. లిఫ్ట్ వేరు, గ్లాసు వేరు. కువైట్ యజమానురాలిని తిట్టే హక్కు ముందు గ్లాసు మార్చినవాళ్ళకి ఉంటుంది.

ఇంకో మాట కూడా పిన్నిదే. "ఇక్కడ అరబ్బులు నన్ను కులం అడగరురా. మనోళ్ళే అడుగుతారు. ఏ ఊరు అంటారు, చెప్తే, ఊళ్ళో ఎక్కడ అంటారు." సముద్రం దాటినా ఆ రెండో ప్రశ్న వెంటే వచ్చింది.

మరి అసలు పిన్ని ఎందుకెళ్ళింది? 1970లలో కొల్లేటిలో వడ్డీలకీ, దళితులకీ సొసైటీల పేరుతో చేపల చెరువులిచ్చారు. మా పేటకీ ఒక సొసైటీ ఉండేది. పెట్టుబడి లేక లీజుకిచ్చారు, లీజుదారులు బాగుపడ్డారు. సరస్సు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు పేల్చేశారు. కొల్లేరు బతకాలి, నేనూ ఒప్పుకుంటాను. కానీ డబ్బున్నవాళ్ళ గట్లు మళ్ళీ లేచాయి. మా సొసైటీ గట్టు లేవలేదు. చెరువు పోయిన మూడేళ్ళకి పిన్ని కువైట్ విమానమెక్కింది. అప్పుడు చంకలో ఉన్న పిల్లే మొన్న పడిపోయిన పిల్ల... కాదు, చంక దిగి బడికి వెళ్తున్న పిల్ల. నా జ్ఞాపకంలోనే ఆ పిల్ల ఇంకా పెద్దదవలేదు. తల్లి జ్ఞాపకంలో ఎలా ఉంటుందో!

ముప్ఫై ఏళ్ళు నిండని ఆడమనిషి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళకూడదని మన ప్రభుత్వ నిబంధన. ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలని ఇంకో నిబంధన. రక్షణ కోసమేనంటారు. జరిగేదేమిటి? ఏజెంటు విజిట్ వీసా మీద దాటిస్తాడు. నిబంధన పెరిగినకొద్దీ ఏజెంటు రేటు పెరుగుతుంది. అలా వెళ్ళినామె ఏ లెక్కలోనూ ఉండదు. చచ్చిపోతేనే పేరు కాగితం మీదకొస్తుంది.

కానీ ఆమె పంపే డబ్బు మాత్రం లెక్కలో ఉంటుంది! 2019లో విదేశాల్లోని భారతీయులు ఇంటికి పంపింది 83 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు చెప్పింది. అందులో మా పిన్ని దినార్లూ ఉన్నాయి. 2021 జనవరి 9న ప్రవాసీ భారతీయ దివస్ ఆన్‌లైన్‌లో జరిపారు. ఆ తెర మీద ఖద్దామా అని పిలిపించుకునే ఆడవాళ్ళ ముఖమొక్కటైనా కనిపించిందేమో చూడండి.

ఇంత కోపంగా రాస్తున్నాను గానీ, ఇప్పుడు నా తప్పు చెప్పాలి. నా పీహెచ్‌డీ తెలుగు కథ మీద. అందులో డయాస్పోరా మీద ఒక అధ్యాయం ఉంది, నలభై పేజీలు. అమెరికా కథలు, మంచు, ఒంటరితనం, రెండు సంస్కృతుల ఘర్షణ. ఫెలోషిప్ ఏడాదిపాటు ఆగిపోయినప్పుడు నా హాస్టల్ ఖర్చులు కట్టింది మా పిన్ని. ఆ అధ్యాయం టైపింగ్ డబ్బులు కూడా కువైట్ నుంచే వచ్చాయి. అయినా ఆ నలభై పేజీల్లో గల్ఫ్ అన్న మాట లేదు. ఆ సమన్వయకర్త నోటితో అన్నాడు, నేను సిద్ధాంత గ్రంథంలో రాసి పట్టా తీసుకున్నాను. తేడా అంతే.

జాషువా 1941లో సందేశం మోయడానికి హంసనీ, మేఘాన్నీ కాదని గబ్బిలాన్ని ఎంచుకున్నాడని ఏటా తాడేపల్లిగూడెంలో పిల్లలకి పాఠం చెబుతాను. వాషింగ్ మెషీన్ చాటున రికార్డయిన నిమిషంన్నర నా ఫోన్‌కొచ్చినప్పుడు అది కూడా సందేశమేనని తట్టడానికి నాకు పది రోజులు పట్టింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సంక్రాంతికి ఇళ్ళకెళ్తారు గదా. ఏలూరు నుంచి నరసాపురం దాకా మన పేటల్లో గల్ఫ్ వెళ్ళిన ఆడమనిషి లేని వీధి వెతికినా దొరకదు. ఆ ఇంటికెళ్ళండి. ఏ సంవత్సరం వెళ్ళింది, ఏ వీసా మీద, ఏజెంటుకి ఎంత కట్టారు, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది, ఈ పది నెలల్లో ఎన్నిసార్లు బయటికొచ్చింది, అడిగి రాసుకోండి. వాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి, పేర్లు దాచండి. ఆ లెక్క పట్టుకుని కలెక్టరాఫీసుకి వెళ్దాం. ఆ కథలు పట్టుకుని సిలబస్ కమిటీల దగ్గరికి వెళ్దాం. మొదటి కాగితం నేనే రాశాను. అది మా పిన్నిది.

నిన్న రాత్రి ఈ వ్యాసమంతా ఆవిడకి వాయిస్‌లో చదివి పంపాను, ఒప్పుకుంటేనే పెడతానని. పొద్దున జవాబొచ్చింది. "పెట్టుకోరా. నా పేరొద్దు. పిల్లకి ఆ కుళాయి నీళ్ళు తాగొద్దని చెప్పు."

జై భీమ్.