విశ్వాసాన్ని దాచొద్దు, మార్కులకు ముడిపెట్టొద్దు

శోళవరంలో పొద్దున్నే చెన్నై కాలేజీలకు బస్సెక్కే పిల్లల్లో తెలుగిళ్ల పిల్లలూ ఉంటారు. వాళ్లలో కొందరు చదివేది క్రైస్తవ సంస్థల కాలేజీల్లో. నాయకత్వం ఇప్పుడు అక్కడ ఒక పాఠం. ఆ పాఠం చెప్పే అధ్యాపకుడు తన విశ్వాసాన్ని తరగతి గుమ్మం బయట వదిలేసి రావాలా? అక్కర్లేదు. వదిలేసినట్టు నటించడం కన్నా, తాను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో చెప్పి బోధించడమే నిజాయితీ. అయితే ఎదురు ప్రశ్న వేసిన విద్యార్థి నష్టపోకూడదు. ఈ రెంటిలో ఏది తప్పినా అది చదువు కాదు.

దీనికి రుజువు శోళవరం ఉన్న మన జిల్లాలోనే పుట్టిన ఒకరి జీవితంలో ఉంది. 1888లో తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుపతి లూథరన్ మిషన్ స్కూల్లో, వేలూరు వూర్హీస్ కాలేజీలో, చివరికి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. హిందూ ధర్మం మీద అక్కడ విన్న విమర్శలు తనను గాయపరిచాయని, ఆ గాయమే తనను వేదాంతం వైపు నడిపిందని ఆయనే రాసుకున్నారు. వేదాంతంలో నీతికి చోటులేదన్న మాటకు జవాబుగా ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం రాశారు. 1908లో అది అచ్చయ్యేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు. దాన్ని మెచ్చుకుంటూ యోగ్యతాపత్రం ఇచ్చింది ఎవరు? స్కాట్లండ్ మిషనరీ, ఫిలాసఫీ ప్రొఫెసర్ ఎ.జి. హాగ్. తన విశ్వాసం దాచుకోని గురువు, దానికి తలవంచని శిష్యుడిలోని ప్రతిభను గుర్తించాడు. మాకు కావలసింది ఆ గురువు.

గాయపరచడం మాత్రం బోధన కాదు. అందరూ రాధాకృష్ణన్‌లా తిరగబడి రాయలేరు. చిన్నబుచ్చుకుని నోరు మూసుకున్న పిల్లల పేర్లు ఏ చరిత్రకూ ఎక్కలేదు.

ఇప్పుడు మేనేజ్‌మెంట్ తరగతుల్లో 'సర్వెంట్ లీడర్‌షిప్', అంటే సేవకుడిలా ఉండి నడిపించడం, అన్న మాట బాగా వినిపిస్తోంది. 1970లో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ రాసిన వ్యాసంతో అది వాడుకలోకి వచ్చింది. హెర్మన్ హెస్సే నవల చదివి ఆ ఆలోచన వచ్చిందని ఆయన చెప్పారు. కానీ క్రైస్తవ కాలేజీకి అంతకన్నా పాత వేరు ఉంది. యోహాను సువార్త పదమూడో అధ్యాయంలో యేసు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల పాదాలు కడుగుతాడు. బానిసలు చేసే పని గురువు చేయడమేమిటని పేతురు వద్దంటాడు. ఈ కథను స్లైడు మీద నాలుగు ముక్కలుగా కుదించి దాటేయడం కన్నా, అధ్యాపకుడు అక్కడే ఆగి ఒక ప్రశ్న వేయాలి: మన కాలేజీ మరుగుదొడ్లు కడిగే మనిషి పేరు మీలో ఎందరికి తెలుసు? అప్పుడు పాఠం మొదలవుతుంది. హిందూ, ముస్లిం విద్యార్థులకు కూడా ఆ ప్రశ్నలో వాటా ఉంటుంది.

రాధాకృష్ణన్ చదివిన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోనే చదివిన వి.ఎస్. అజరయ్య సంగతీ చెప్పాలి. తిరునెల్వేలి తమిళుడు తెలుగు నేర్చుకుని, తెలుగు పల్లెల్లో పనిచేసి, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడాయన. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, మీ దానాలు సరే, మాకు స్నేహం కావాలని తెల్ల మిషనరీల ముఖం మీదే అడిగారు. సొంత మతంవారి పెద్దరికాన్ని నిలదీసిన ఈ ధైర్యం కూడా సిలబస్‌లో ఉండాలి. నిలదీయాల్సింది ఇప్పటికీ ఉంది: తమిళనాడులో కొన్నిచోట్ల దళిత క్రైస్తవులకు నేటికీ శ్మశానం వేరు. ఆ మాట ఎత్తకుండా క్రీస్తు నాయకత్వం గురించి గంటసేపు మాట్లాడేవారిని విద్యార్థులు నమ్మరు, నమ్మకూడదు కూడా.

మతాన్ని తరగతిలోకి రానివ్వొద్దనే వారి భయాన్ని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల్లో మతబోధన కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందిన సంస్థల్లోనూ ఇష్టం లేనివారిని ప్రార్థనకు కూర్చోబెట్టకూడదని అదే అధికరణం అంటోంది. అయితే 1948-49 విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, రాధాకృష్ణన్ అధ్యక్షతనే, మత నాయకుల జీవితాలను, పవిత్ర గ్రంథాల భాగాలను డిగ్రీలో చదివించమంది. మిషన్ బడుల్లో నొచ్చుకున్న మనిషి సైతం తలుపు మూసేయమనలేదు.

కాబట్టి క్రైస్తవ యాజమాన్యాలను మేం కోరేది ఇది. నాయకత్వ పాఠానికి ఆధారం మీ విశ్వాసమైతే ఆ మాట ప్రవేశాలప్పుడే ప్రాస్పెక్టస్‌లో రాయండి. చాపెల్ హాజరును ఇంటర్నల్ మార్కులతో కలపకండి. ప్రతి ప్రశ్నపత్రంలో ఆ విశ్వాసాన్నే విమర్శించే వీలున్న ప్రశ్న ఒక్కటైనా ఉంచండి. శోళవరం నుంచి వచ్చిన అమ్మాయి దానికి దీటైన జవాబు రాస్తే, ఆనాడు హాగ్ మెచ్చుకున్నట్టు మెచ్చుకుని మార్కులు వేయండి.