ఉద్రము - నీరుకుక్క

ఇంతవరకు నీ పుటలయందు పక్షులను గూర్చియే ముచ్చటించితిమి. ఈ మాసమున నీటిజంతువు నొకదానిని సోదరీమణులకు పరిచయము చేయుదుము.

అమరకోశమున వారివర్గము వల్లెవేయునాడు శిశుమార మకరాదులతో గూడ ఉద్రమను పేరు చదివితిమే కాని యది యెట్టిదో యెఱుగము. గడచిన మాఘమున మా యింటివారు బడిపిల్లలను కాకినాడ చెంతనున్న కోరంగి మడయడవులకు గొనిపోవుచు మమ్మును రమ్మనిరి. అచ్చట పడవలోనుండి దానిని జూచితిమి. మన నీరుకుక్కయే యది.

పేరు కుక్కయే కాని యది కుక్కజాతి కాదు. చేప యసలే కాదు. గాలి పీల్చును, గట్టున నీని పాలిచ్చి పెంచును. బాతునకువలె వ్రేళ్లనడుమ తోలుపొర కలదు. మునిగినప్పుడు ముక్కును జెవులను మూసికొనును. లోపలి రోమము లెంత దట్టమనగా నీరు చర్మము నంటదు. ఆ బొచ్చే దానికి మృత్యువైనది. దానికొఱకు వేటాడి యెన్నింటినో చంపిరి.

ఇవి కుటుంబములుగా దిరుగును, గుంపుగూడి చేపలను దఱుమును. తల్లి రెండు మాసములు మోసి బొఱియలో నీనును. పిల్లలు కన్నులు తెఱవకయే పుట్టును. వింత యేమనగా, వానికి పుట్టుకతో నీత రాదు! మేము చూచినప్పుడు తల్లియు నొక పిల్లయు నీటనుండగా, రెండవది గట్టున నిలిచి కీచుమని యేడ్చుచుండెను. తల్లి మరలివచ్చి మెడపట్టి దానిని నీటిలోనికి దింపెను. మా పిల్లవానికి అక్షరములు దిద్దించిన దినములు జ్ఞప్తికి వచ్చినవి.

మా మురిపెము జూచి పడవవాని భార్య, "మీకు ముద్దుగానే ఉంటాయండి అమ్మగారూ! మా వలలు కొరికేత్తాయి. ఆ పూట మా పొయ్యిలో పిల్లి లేవదండి" అనెను.

ఆమె మాట యబద్ధము కాదు. పెద్ద నీరుకుక్కకు దినమున కించుమించు కిలో చేపలు కావలయును. 1972 నాటి చట్టము వీనిని వేటాడరాదన్నది గాని, చిరిగిన వల నెవరు కుట్టుదురు? గోదావరి ముఖద్వారమున రొయ్యల చెఱువులకై మడచెట్లు నఱికిన చోట్ల, చేపపిల్లలు పెరుగు నీడయే పోయినది. ఆ లోటు జాలరికిని నీరుకుక్కకును సమానమే.

బంగ్లాదేశమున సుందరవనముల చేరువ జాలరులు తరతరములుగా వీనిని మచ్చికచేసి, త్రాటగట్టి, చేపలను వలలోనికి దోలించుచున్నారని మే మామెకు జెప్పితిమి.

ఆమె నవ్వి, "బాగానే ఉందండి. ముందు దాన్ని మేపడానికి సేపలేవండి?" అని, వల యొడిలోనికి లాగికొని చిరుగు వెదకసాగెను.