శీర్షికలకు లావు అక్షరాలే కావాలె

ఈ నెల నా అభిప్రాయం అక్షరాల మీద.

మన గోడపత్రికలో శీర్షికలను పూలతీగల లెక్క రాస్తున్నాము. తలకట్టు ఆకు అయితది, దీర్ఘం తీగలాగ కింది వరుసలోకి పాకుతది. చూడనీకి బాగుంటది, కాదనను. చదవనీకే కష్టం. ‘ప’కు తలకట్టు విడిగా ఉంటది, ‘వ’కు అంటుకొని ఉంటది. ఆ కొంచెం తేడా మీద ఆకు గీస్తే మూడో తరగతి పిల్లలు ఏమని చదవాలె? మా అమ్మ ఇప్పుడిప్పుడే కూడబలుక్కొని చదువుతున్నది. పెంట నుంచి నన్ను చూడ వచ్చినప్పుడు శీర్షిక దగ్గర ఆగి, "ఇది తెలుగేనా బిడ్డా?" అని అడిగింది.

కంప్యూటర్ క్లాసులో రాక్‌వెల్ అనే ఇంగ్లీషు అక్షరాలు చూశాము. 1934లో మోనోటైప్ కంపెనీ విడుదల చేసింది. ప్రతి అక్షరానికి ఇటుక పెట్టినట్టు పాదాలు ఉంటాయి, గీత ఎంత లావో పాదం ఇంచుమించు అంతే లావు. ఈ రకాన్ని స్లాబ్ సెరిఫ్ అంటారట. స్లాబ్ ఇల్లు అంటాము చూడండి, ఆ స్లాబే! 1817 ప్రాంతంలో లండన్‌లో విన్సెంట్ ఫిగిన్స్ అనే ఆయన ఇసుంటి అక్షరాలు పోతపోసి అచ్చుకు ఇచ్చిండు. దూరం నుంచి కనబడతాయని గోడ ప్రకటనలకు బాగా వాడిన్రు. అంటే మన పత్రిక తీరుగ గోడ మీద బతికిన అక్షరాలు.

టైపు మిషన్ అక్షరాలు కూడా చాలావరకు ఈ జాతివే. మిషన్ మీద ప్రతి అక్షరానికి ఒకే జాగ. సన్నటి ‘ఐ’ అక్షరం ఆ జాగ నిండనీకి పాదాలు చాపుకొని నిలబడతది. మా నాయన దాచిన పాత సర్టిఫికెట్ ఇట్లనే టైపు కొట్టినది. మడతలు చినిగినా అక్షరం చెదరలేదు. ఇంట్లో దాన్ని మొదట చదివింది నేనే.

తెలుగు అక్షరాలు గుండ్రటివి, వాటికి పాదాలు పెడితే కోడిగుడ్డుకు బూట్లు తొడిగినట్టుంటది. మనం తీసుకోవలసింది లావు, నిలకడ. రామభద్ర అనే తెలుగు ఫాంటు చూడండి, శీర్షికలకు ఎంత బాగుంటదో! చేతితో రాసేటప్పుడు వెదురుపుల్ల కొనను మొద్దుగా చెక్కి సిరాలో ముంచితే గీత ఎటు తిప్పినా ఒకే లావు వస్తది. కాని అక్షరం పెద్దగా రాయాలె. లేకుంటే ‘ధ’ లోపలి సందు సిరాతో పూడి ముద్ద అయితది.

ఎలక్షన్ల గోడరాతల లెక్క మోటుగా ఉంటదని కొందరు అక్కలు అంటున్నారు. ఆ రాతలను శ్రీశైలం పోయే బస్సులో కూర్చొని కూడా చదువుతాము కద!

వచ్చే నెల శీర్షికలు నాకు ఇయ్యండి. పూలు వేసే అక్కలు అంచులకు వెయ్యండి, చార్టుకు నాలుగు దిక్కుల చాలా జాగ ఉన్నది.