రెండు రోజులు - తొమ్మిది వూళ్ళు

ప్రయాణమంటే మనవాళ్ళకు రెండు భయాలు. బయలుదేరేముందు రైలు తప్పిపోతుందేమోనని మొదటిది. బయలుదేరిన తరువాత చూడవలసినదేదో తప్పిపోతుందేమోనని రెండోది. మొదటి భయానికి మందు వుంది. గంట ముందుగా వెళ్ళి స్టేషనులో కూర్చుంటే సరి. రెండోదానికే యింతవరకూ యెవరూ మందు కనిపెట్టినట్టు లేదు. పైగా యీ రోజుల్లో అది బాగా ముదిరింది కూడాను. పూర్వం కాశీకి వెళ్ళివచ్చిన పెద్దమనిషి చెప్పిందే కాశీ. యిప్పుడో, గడప దాటకముందే ప్రతి వూరూ జేబులోని ఫోనులో బొమ్మలతో సహా ప్రత్యక్షమవుతోంది. చూడవలసింది యెంత వుందో ముందే తెలిసిపోతున్నది గనుక, చూస్తున్నదాని మీద మనసు నిలవడం లేదు.

చేతిలో వున్నవి రెండు రోజులు, చూడదగ్గ వూళ్ళు పది. యే వూరికి యెంతసేపు? వినడానికి చిన్న ప్రశ్నే. కాని చల్లగా సాగే సంసారాల్లో మాట పట్టింపులు తెచ్చే ప్రశ్నల్లో యిదీ ఒకటి. మా బంధువుల విషయంలో జరిగింది చెబుతాను. పేర్లతో మనకు పని లేదు. పాఠకులు తమ యింటివాళ్ళ పేర్లు వేసుకొని చదువుకోవచ్చు.

ఆత్మకూరులో మా కాపురం. కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. పాఠాలు చెప్పేవాడు గనుక నెల్లూరు జిల్లాలో యే గుడి యెప్పుడు తెరుస్తారో, యే వూరికి యే దారిన వెళ్ళాలో నాకు కంఠతా వచ్చి వుంటుందని మా బంధువుల గట్టి నమ్మకం. అంచేత హైదరాబాదులో వుంటున్న మా మేనత్త కొడుకు సకుటుంబంగా మావైపు రావాలనుకున్నప్పుడు, పట్టిక తయారుచేసి ముందుగా నాకు పంపించాడు. శనివారం వుదయం 6 గంటలకు నెల్లూరులో రైలు దిగడం. ఆదివారం రాత్రి 8 గంటలకు అక్కడే తిరుగు రైలెక్కడం. మధ్యలో మైపాడు సముద్రం, నెల్లూరు రంగనాయకస్వామి, జొన్నవాడ కామాక్షమ్మ, సంగం, అనుమసముద్రంపేట దర్గా, సోమశిల, పెంచలకోన, ఉదయగిరి, భైరవకోన. మొత్తం తొమ్మిది!

నేను లెక్కల మేష్టరును కాను. అయినా కాగితం తీసుకొని కూర్చున్నాను. శనివారం పొద్దుటినుంచి ఆదివారం రాత్రివరకు 38 గంటలు. నిద్రకు 8 తీసెయ్యండి. స్నానాలకు, భోజనాలకు, కాఫీలకు కలిపి యెంత పొదుపు చేసినా 7 తప్పవు. మిగిలినవి 23. యీ తొమ్మిది వూళ్ళనూ ఒక దండగా గుచ్చితే దారి 450 కిలోమీటర్లకు తగ్గదు. మా దారుల మీద గంటకు 45 కిలోమీటర్లు పోతే బాగా పోయినట్టే. అంటే బండిలో కూర్చోవడానికే 10 గంటలు. తక్కిన 13 గంటలను తొమ్మిదికి పంచితే వూరికి గంటన్నర కూడా రాదు. అందులోనే చెప్పులు విప్పడం, తొడుక్కోవడం, మంచినీళ్ళ సీసాలు కొనడం, తప్పిపోయిన పిల్లవాణ్ణి వెతకడం!

మా బావ మాత్రం సమానంగా పంచలేదు. ఉదయగిరి అంటే అభిమానం కొద్దీ దానికి పూర్తిగా గంటన్నర యిచ్చాడు. అది చూసి నాకు నవ్వు ఆగలేదు. ఉదయగిరి కొండ సుమారు 3 వేల అడుగుల యెత్తు. గజపతుల చేతిలోని ఆ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడిస్తే 1514లో గాని చిక్కలేదు. దాదాపు యేడాదిన్నర పట్టింది. అక్కడినుంచి తీసుకుపోయిన బాలకృష్ణుని విగ్రహానికే ఆయన విజయనగరంలో గుడి కట్టించాడు. అంతటి రాయలకే యేడాదిన్నర పట్టిన కొండను మా బావ గంటన్నరలో జయించి, కిందికి దిగి, కొయ్యగరిటెలు కొనుక్కొని వెళ్ళిపోవాలని!

సోమశిలకు మాత్రం ముప్పావు గంట కేటాయించాడు. పక్కన బొమ్మ కూడా అతికించి వుంది. చూస్తే అది మా సోమశిల కాదు! కృష్ణ ఒడ్డున, కొల్లాపురం దగ్గరి సోమశిల. పిల్లలు ఫోనులో వెతికితే ముందు అదే వచ్చిందట. పొరపాటుపడడానికి కారణం లేకపోలేదు. అక్కడా యేరు వుంది, కొండలున్నాయి, శివుడున్నాడు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయిన వూళ్ళ కథ కూడా వుంది. మాది పెన్న ఒడ్డు సోమశిల. పెన్న వెలిగొండల్ని చీల్చుకొని నెల్లూరు సీమలోకి దిగివచ్చే చోటు.

యీ సోమశిలను చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. పెన్నకు అడ్డంగా యిక్కడ ఆనకట్ట పని 1970లలో మొదలై 1989లో పూర్తయింది. నిండితే 78 టి.ఎం.సి.ల నీళ్ళు నిలుస్తాయి. సంగం దగ్గరా, నెల్లూరు దగ్గరా మళ్ళించి డెల్టాలో వరి పండించే నీళ్ళు యివే. అంతటితో అయిపోలేదు. మద్రాసు దాహం తీర్చడానికి 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం ప్రకారం, శ్రీశైలంలో బయలుదేరిన కృష్ణ నీళ్ళు ముందు సోమశిలకు వస్తాయి. యిక్కడినుంచి కండలేరుకు, కండలేరునుంచి పూండి చెరువుకు పోతాయి. 1996లో ఆ నీళ్ళు మొదటిసారి తమిళదేశం చేరాయి. మద్రాసులో కొళాయి తిప్పి కాఫీ కాచుకొనే యిల్లాలికి సోమశిల పేరు తెలియకపోవచ్చు. ఆమె గిన్నెలోకి మాత్రం సోమశిల వస్తూనే వుంది.

యిన్ని నీళ్ళు నిలవాలంటే యెక్కడో నేల మునగాలి గదా. కొండల కవతల, అప్పటి కడప జిల్లాలో, పెన్నలో చెయ్యేరు కలిసే ప్రాంతపు పల్లెలు మునిగాయి. మా మేనత్తను యిచ్చింది అందులో ఒక పల్లెకే. యిల్లూ, మామిడితోటా, బావీ, చివరికి వూరి పేరు కూడా ఆ నీళ్ళలోనే వుండిపోయాయి. అప్పటికి మా బావ బడికి వెళ్ళే పిల్లవాడు. యిప్పుడు మేనత్తకు 78 యేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. యీ ప్రయాణానికి ఆమె కూడా వస్తున్నది.

పట్టికలో ప్రతివాళ్ళ కోరికా వుంది. మైపాడు మనవడిది. కొయ్యగరిటెలు మనవరాలివి. ఉదయగిరి మా బావది. పెంచలకోన ఆయన భార్యది. నరసింహస్వామికి మొక్కు బాకీ వుందట. ఆమె నాకు అక్క వరస. మేనత్త కోరిక మాత్రం యెక్కడా కనబడలేదు. అంచేత నేను ఫోనులో ఆమెనే అడిగాను.

"అత్తా, నీకేం చూడాలని వుంది?"

"నాదేముంది అబ్బయ్యా! మీరంతా యెక్కడ చూస్తే అక్కడే నేనూనూ."

"అది కాదు. ఒక్కటే చూసే వీలుంటే యేది చూస్తావు?"

కాసేపు మాట లేదు. తరువాత మెల్లగా అన్నది. "సోమశిల కాడ కాసేపు కూచోవాల అబ్బయ్యా. గడియారం చూసుకోకుండా."

యీ మాట నేను మా బావతో చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "ఆనకట్ట దగ్గర నిలబడితే మా వూరు కనిపించదు గదా! వూరు కొండల కవతల యెక్కడో వుంది. నీళ్ళు తప్ప అక్కడ చూసేదేముంది? అమ్మ వూరికే బాధపడుతుంది. ముప్పావు గంట చాలు" అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. అక్కడినుంచి ఆ వూరు కనిపించదన్నది నిజమే. కాని ఆయన ముప్పావు గంట అన్నది తొందర కొద్దీ కాదని నాకు తోచింది. అంతకంటె యెక్కువసేపు ఆ నీళ్ళవైపు చూడడం ఆయనకే యిష్టం లేదు.

తగవు తీర్చింది మా అక్క. యిటువంటి సమయాల్లో ధర్మం యింటి కోడళ్ళ నోటనే పలుకుతుందేమో! "పెంచలకోన తీసెయ్యండి. మొక్కు ముడుపు కట్టి పెట్టుకుంటాను. స్వామి యెక్కడికీ పోడు. అత్తయ్యను మళ్ళీ యింత దూరం తీసుకురాగలమో లేదో" అన్నది.

దేవుడి మొక్కే వాయిదా పడ్డాక తక్కినవాళ్ళు మాట్లాడడానికేముంది? మైపాడు తనంతట తానే రాలిపోయింది. భైరవకోన, అనుమసముద్రంపేట, జొన్నవాడ, సంగం వరసగా తప్పుకున్నాయి. చివరికి నిలిచినవి సోమశిల, ఉదయగిరి. వేళ మిగిలితే నెల్లూరు రంగనాయకస్వామి.

తరువాత పంపకం సులువైపోయింది. యెందుకంటే, వూరికి యెంతసేపు అనే ప్రశ్నకంటె ముందు, యే వూరికి యే పూట అనే ప్రశ్న వేసుకోవాలి. ఉదయగిరి పొద్దుటి వూరు. యెండ యెక్కకముందే కొండ యెక్కాలి. పది దాటితే రాళ్ళు కాలుతాయి. సోమశిల సాయంకాలపు వూరు. మిట్టమధ్యాహ్నం నీళ్ళ మీద యెండ కళ్ళలో పొడుస్తుంది. పొద్దు కొండల వెనక్కు వాలుతుంటే చూడాలి. ఆత్మకూరు రెంటికీ మధ్య మజిలీ. నెల్లూరునుంచి దాదాపు 60 కిలోమీటర్లు. అక్కడినుంచి సోమశిల ఒక గంట ప్రయాణం, ఉదయగిరి యించుమించు గంటన్నర. ఒక్క రాత్రి కోసం రెండు వూళ్ళలో పెట్టెలు విప్పి కట్టే పని లేదు.

శనివారం రైలు దిగి నేరుగా మా యింటికి వచ్చారు. స్నానాలు చేసి, భోంచేసి, యెండ తగ్గేదాకా నడుము వాల్చారు. నాలుగు గంటలకు సోమశిల చేరాము. పొద్దు గూకేదాకా, రెండున్నర గంటలు, అక్కడే వున్నాము.

గొప్ప విశేషాలేవీ జరగలేదు. మేనత్త నీళ్ళు కనిపించే చోట దుప్పటి పరిపించుకొని కూర్చుంది. మొదటి అరగంట పిల్లలు ఫొటోలు తీసుకున్నారు. తరువాత వాళ్ళకు తోచలేదు. తోచకపోవడం కూడా ఒక్కొక్కసారి మంచిదే. మనవరాలు వచ్చి నాయనమ్మ పక్కన చేరి, "మీ వూరు యెటువైపు?" అని అడిగింది. మేనత్త పడమటి కొండలవైపు చెయ్యి చూపించి, వీధి మొదటినుంచి ఒక్కొక్క యిల్లూ చెప్పడం ప్రారంభించింది. మొదటిది వడ్రంగివాళ్ళది. దాని తరువాతది మాట్లాడని అన్నదమ్ములిద్దరిది, మధ్య గోడ. ఆ తరువాత బావి. "ఆ బావి పేరేందబ్బా..." అని ఆగిపోయింది.

"ఉప్పుబావి" అన్నాడు వెనకనుంచి మా బావ. ఆయన అంతసేపూ దూరంగా నిలబడి ఫోను చూసుకుంటున్నాడనే మేమంతా అనుకున్నాము. "ఉప్పుబావి పక్కన చింతచెట్టు. దాని కింద మా బడి" అని వచ్చి దుప్పటి అంచున కూర్చున్నాడు. యింటికి తిరిగి వచ్చేలోగా ఆ పిల్లలిద్దరికీ మునిగిపోయిన ఆ వీధి ఆ కొసనుంచి యీ కొసదాకా వచ్చేసింది. వాళ్ళు అంతకుముందు ఆ వూరి పేరు కూడా యెరగరు.

మర్నాడు నాలుగు గంటలకే లేచి ఉదయగిరి వెళ్ళారు. మా బావా, పిల్లలూ కోటదారిన పట్టినంతవరకు యెక్కి, పదిగంటలకు దిగివచ్చారు. కొండంతా చూశామని చెప్పలేరు. అయినా ఒళ్ళు తడిసేలా చూశారు. పెద్దవాళ్ళు కింద కొయ్యపని చేసేవాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఉదయగిరి గరిటెలకూ చెంచాలకూ యిప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా వుంది. ఒక చిన్న కొయ్య ముక్క చెంచాగా మారేదాకా మేనత్త కన్నార్పకుండా చూసింది. ఆ చెంచానే కొన్నది. సాయంకాలం రంగనాయకస్వామి దర్శనం కూడా అయింది. రైలు అందింది.

తొమ్మిదింటిలో మూడు చూసి ఆరు వదులుకున్నారు. నష్టపోయారా అని యెవరైనా అడిగితే, వదులుకున్న ఆరూ వున్నచోటనే వున్నాయి, కావలసినప్పుడు వెళ్ళిరావచ్చు.

సెలవులకు బయలుదేరే గృహస్థులకు నా మనవి యింతే. రోజులు లెక్కపెట్టకండి, గంటలు లెక్కపెట్టండి. అందులోంచి దారినీ, నిద్రనూ, అన్నాన్నీ ముందు తీసెయ్యండి. బస ఒక్కచోట పెట్టుకోండి. ప్రతివాళ్ళనూ ఒక్కటంటే ఒక్క వూరే కోరుకోమనండి. రెండోది మిగిలితే సంతోషం. ప్రతి వూరికీ దాని పూట దానికి యివ్వండి. ఆఖరుది అన్నిటికంటె ముఖ్యం. మీ యింట్లో "నాదేముంది, మీరెక్కడికంటే అక్కడికే" అనే మనిషి ఒకరు వుంటారు. పట్టిక రాయకముందే వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి. ఒకసారి అడిగితే చెప్పరు. రెండోసారి అడగండి.