వాదమర్యాద

తత్త్వమును దెలిసికొనఁ గోరునది వాదము. గెలుపునే కోరునది జల్పము. తనకొక పక్షము లేక పరపక్షమును ఖండించుటయే పనిగాఁ గలది వితండ. న్యాయసూత్రములు చూపిన యీ భేదమును నేఁటి బహిరంగచర్చలు విస్మరించుచున్నవి. ప్రశ్నకు సమాధానము దొరకనిచోఁ బ్రశ్నించినవాని కులమును, ప్రాంతమును దూషించుట యాచారమగుచున్నది. ఇది దేశమునకు క్షేమకరము గాదు.

రాజ్యాంగనిర్మాణసభను స్మరింతము. ముసాయిదాపై 7,635 సవరణలు సూచింపఁబడఁగా వానిలో 2,473 సభయెదుటఁ బ్రతిపాదింపఁబడెను. 1949 నవంబరు 25వ తేదీని డాక్టరు అంబేద్కరుగారు, తమతో నేకీభవింపక వాదించిన కామత్, కుంజ్రూ మున్నగువారికిఁ గృతజ్ఞత దెలిపిరి. వారివలననే రాజ్యాంగసూత్రములను వివరించు నవకాశము తమకుఁ గలిగెననిరి. వారి సూచనల నంగీకరింపకపోయినను వాని విలువను దగ్గింపలేదు.

మా పాఠకులనుండియు, లేఖకులనుండియు మేము కోరునది యీ మర్యాదనే. ఎదుటివాని మాటను బూర్తిగా వినుఁడు. అతఁడు తనదని యొప్పుకొనునట్లు పూర్వపక్షమును జెప్పి, పిమ్మట ఖండింపుఁడు. ఆధారము చూపుఁడు. వ్యక్తిని విడిచి విషయమును బట్టుఁడు. పొరపాటు తేలినచో నొప్పుకొనుఁడు. అది యోటమి గాదు.

మాటాడు హక్కును రాజ్యాంగ మొసఁగినది. ఎదుటివాని కా హక్కును మిగుల్చు భారము మాత్రము మనదే.