వేయి మైళ్ళ బాట

ఇటలీ ఉత్తర ప్రాంతంలో, ఆల్ప్స్ పర్వతాల పాదాల చెంత, బ్రెషా అనే పారిశ్రామిక నగరం ఉంది. ఏటా సుమారు 400 పాత స్పోర్ట్స్ కార్లు అక్కడ ఒకదాని వెంట ఒకటి బయలుదేరుతాయి. పొలాలూ కొండలూ దాటి, ప్రాచీన నగరాల ఇరుకు వీధుల గుండా రోమ్ వరకు సాగి, మరొక దారిన తిరిగి బ్రెషాకే చేరుకుంటాయి. చాలా కార్లకు పైకప్పు ఉండదు. వాన వస్తే తడవవలసిందే, ఎండ కాస్తే మాడవలసిందే. ఈ యాత్రకు ‘మిల్లె మిలియా’ అని పేరు. వేయి మైళ్ళు అని దాని అర్థం.

ఇందులో అందరికంటె ముందు చేరినవారికి బహుమానం లేదు! నిర్ణయించిన దూరాన్ని నిర్ణయించిన కాలంలో దాటడమే పరీక్ష. రోడ్డుకు అడ్డంగా పరచిన రబ్బరు గొట్టాన్ని చక్రం తాకిన క్షణాన్ని సెకనులో నూరవ వంతు వరకు లెక్కిస్తారు. ఆలస్యమైతే ఎంత నష్టమో, తొందరపడినా అంతే. మహావేగం కోసమే పుట్టిన ఈ యంత్రాలకు ఇంతటి నిగ్రహం ఎలా అలవడిందన్నది తెలుసుకోదగిన కథ.

1927లో నలుగురు మిత్రులు బ్రెషాలో ఈ పందేన్ని ప్రారంభించారు. అంతకుముందు ఆ ఊరిలో జరిగిన ఇటాలియన్ గ్రాండ్ ప్రి 1922లో మోంజాకు తరలిపోయిందన్న బాధ వారిని పురికొల్పింది. ప్రత్యేకమైన మైదానం ఏదీ లేదు. జనం నిత్యం నడిచే రహదారులే పందెపు బాట. తొలి ఏడు నెగ్గిన కారుకు 21 గంటలు పట్టింది. 1955లో ఇంగ్లీషు యువకుడు స్టిర్లింగ్ మాస్, మెర్సిడిస్ కారులో, ఆ దూరాన్ని 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. సగటు వేగం గంటకు 157 కిలోమీటర్లు.

ఆయన పక్కన కూర్చున్నవాడు డెనిస్ జెంకిన్‌సన్ అనే పత్రికా రచయిత. అనువాదం వృత్తిగా గల నాకు, నడిపినవానికంటె ఈయన పనిపైనే మక్కువ ఎక్కువ. పందేనికి ముందు ఇద్దరూ ఆ దారిని పదేపదే చుట్టివచ్చారు. ప్రతి మలుపునూ, మిట్టనూ, రైలు గేటునూ జెంకిన్‌సన్ రాసుకుని, సుమారు 18 అడుగుల కాగితపు చుట్టగా తయారుచేశాడు. ఇంజను హోరులో మాట వినబడదు గనుక, ఆ రాతను పదిహేను చేతిసైగలుగా మార్చి అందించాడు. రోడ్డు అక్షరమైంది, అక్షరం సంజ్ఞ అయింది. మిట్టకు అవతల ఏమున్నదో కంటికి కనిపించకపోయినా, ఆ సైగను నమ్మి మాస్ వేగం తగ్గించకుండా దూసుకుపోయాడు. మూలం చూడనివాడు అనువాదకుణ్ణి ఇంతకంటె ఎక్కువగా నమ్మిన సందర్భం మరొకటి ఉంటుందా?

అయితే ఆ చుట్టకు అందని విషయం ఒకటుంది. రోడ్డు ఎక్కడ వంపు తిరుగుతుందో రాసిపెట్టవచ్చు. ఆ వంపు పక్కన ఆనాడు ఏ బిడ్డ నిలబడి ఉంటుందో ఎవరు రాసిపెట్టగలరు?

1957 మే 12న గమ్యం చేరువవుతున్న వేళ, గ్విదిజ్జోలో గ్రామ సమీపంలో ఒక ఫెరారీ టైరు పేలింది. అదుపు తప్పిన కారు జనం మీదికి దూసుకుపోయింది. నడుపుతున్న స్పెయిన్ దేశస్థుడు అల్ఫోన్సో డి పోర్టగో, తోడున్న ఎడ్మండ్ నెల్సన్ మరణించారు. వారితోపాటు దారి పక్కన వేడుక చూస్తున్న తొమ్మండుగురు బలి అయ్యారు. అందులో ఐదుగురు పిల్లలు. పోటీదారులు ప్రమాదాన్ని తెలిసి కోరుకున్నవారు. ఆ పసివాళ్ళు కోరినది కార్లు చూడటం మాత్రమే. బహిరంగ రహదారిపై వేగపు పందెంగా మిల్లె మిలియా చరిత్ర ఆ రోజుతో ముగిసింది.

ఇరవై ఏళ్ళ తరువాత, 1977లో, అది మళ్ళీ మొదలైంది. నాటి పందేలలో పాల్గొన్న నమూనాల కార్లే రావాలి. గెలుపు మాత్రం వేగానిది కాదు, సమయపాలనది. కోట్ల ఖరీదు చేసే కార్లతో ఇది ధనవంతుల విలాసమని కొందరంటారు. అందులో నిజం లేకపోలేదు. కాని ఆ కార్లు గాజు తలుపుల వెనుక నిలిచిపోక, పల్లె వీధుల్లోకి వస్తున్నాయి. అరుగుల మీది వృద్ధులూ, బడిపిల్లలూ వాటిని చేయి చాపినంత దూరం నుంచి చూడగలుగుతున్నారు.

మన ఊళ్ళలో తేరు కదిలేటప్పుడు అది ఎంత వేగంగా పోయిందని ఎవరూ అడగరు. అందరి గుమ్మం ముందుకూ వచ్చిందా, క్షేమంగా తిరిగి చేరిందా అనే చూస్తారు. పందెపు గుర్రంగా పుట్టిన మిల్లె మిలియా నేడు ఉత్సవ రథమైంది. గ్విదిజ్జోలో దగ్గర దారి పక్కన ఆనాటి మృతుల స్మారకం ఉంది. అక్కడి నుంచి బ్రెషా ఎంతో దూరం లేదు. నిదానంగా వెళ్ళినా చేరుకోవచ్చు.